రాజకీయ వ్యంగ్యచిత్రములందు జాతియు వ్యక్తియు

పదమునకు శక్తి జాతియందా వ్యక్తియందా యను వాదము మన శాస్త్రములలోఁ జిరకాలము నడచినది. జాతియే పదార్థమని మీమాంసకు లనిరి. వ్యక్తి, ఆకృతి, జాతి యీ మూఁడును పదార్థమే యని గౌతముని న్యాయసూత్రము. ఈ వాదము శబ్దమును గూర్చినది. కాని గీఁతకును నిది చక్కఁగా నన్వయించును. చిత్రకారుఁడు గీయునది ఆకృతి. ఆ యాకృతిని జూచినవానికి ఫలానా మనుష్యుఁడని తోఁచునా, ఫలానా తెగవాఁడని తోఁచునా? మామూలు చిత్తరువున నీ ప్రశ్న యంతగాఁ బుట్టదు. పరిహాసమునకై గీసిన రాజకీయచిత్రమునందు మాత్ర మిదియే ముఖ్యప్రశ్న. ఏలయన, నవ్వులపాలైనవాఁడు తన నడవడివలన నట్లయ్యెనా, తన పుట్టువువలన నట్లయ్యెనా యనునది దీనిమీఁద నాధారపడియున్నది. తెలుఁగున జాతి యను పదమునకు నైయాయికుల యర్థమే కాక మనుష్యుల తెగ యను నర్థము గూడ నుండుట యిచ్చట నక్కఱకు వచ్చుచున్నది.

వ్యంగ్యచిత్రమును విమర్శించువారు చిత్రకారుఁ డే పక్షమువాఁడని ముందుగా నడుగుదురు. బలవంతునిఁ జూచి నవ్వినచో మంచిచిత్రమనియు, దుర్బలునిఁ జూచి నవ్వినచోఁ జెడ్డచిత్రమనియుఁ దీర్పు చెప్పుదురు. ఈ తీర్పు తప్పు కాదు గాని చాలదు. దుర్బలుని పక్షమున నిలిచి గీసినవాఁడు గూడ నా దుర్బలునకు మొగ మియ్యకపోవచ్చును. ఈ సంగతిని నిరూపించుటకు శత్రువు గీసిన చిత్రములు పనికిరావు. మిత్రుని చిత్రములే కావలయును. అట్టి మిత్రుఁడు 19వ శతాబ్దమున అమెరికా సంయుక్తరాష్ట్రములలో మిక్కిలి ప్రసిద్ధికెక్కిన థామస్ నాస్ట్.

నాస్ట్ 1840లో జర్మనీదేశపు లాండౌ పట్టణమునఁ బుట్టి, యాఱేండ్ల ప్రాయమున న్యూయార్కు చేరెను. 1862 మొదలు 1886 వఱకు ‘హార్పర్స్ వీక్లీ’ యను వారపత్రికకుఁ జిత్రములు గీసెను. అంతర్యుద్ధకాలమున నాతఁడు బానిసత్వమునకు విరోధి. యుద్ధానంతరమున, విముక్తులైన నల్లజాతివారికి వోటుహక్కు కావలెనని వాదించినవాఁడు. రిపబ్లికను పక్షమునకు నేనుఁగు గుర్తుగా వ్యాపించుటకు 1874 నాఁటి యాతని చిత్రమే కారణము. ఆనాఁడు చిత్రము కాగితమునుండి తిన్నగా నచ్చునకుఁ బోయెడిది కాదు. చిత్రకారుఁడు కుడియెడమలు తాఱుమాఱుగాఁ గొయ్యదిమ్మమీఁద గీయఁగా, పనివారు దానిని జెక్కి యచ్చున కిచ్చెడివారు. వారమువారము గడువు తప్పరాదు. ఈ పనితీరును మనస్సున నుంచుకొనుట మంచిది. దీనిఁ బట్టి పుట్టు నాక్షేప మొకటి ముందు రాఁగలదు.

నాస్టునకుఁ గీర్తి తెచ్చినవి 1871లో న్యూయార్కు నగరపు విలియం ట్వీడ్ మీఁద గీసిన చిత్రములు. ట్వీడ్ టామనీ హాలను రాజకీయసంఘమునకు నాయకుఁడు. నగరపు ధనమును మిత్రులతోఁ గూడి దోఁచినవాఁడు. నాస్ట్ గీఁతలో నాతని బొజ్జ, గడ్డము, చొక్కామీఁది వజ్రపు సూది, బరువైన కనుఱెప్పలు ఎవ్వరును మఱవరానట్లు నిలిచిపోయినవి. 1875లో ట్వీడ్ కావలినుండి తప్పించుకొని క్యూబా మీఁదుగా స్పెయిను దేశమునకుఁ బాఱిపోయెను. 1876లో విగో రేవున నాతనిఁ బట్టుకొన్న యధికారులకు గుర్తు పట్టుటకుఁ దోడ్పడినది నాస్ట్ గీసిన యొక వ్యంగ్యచిత్రము. ఆ చిత్రమున ట్వీడ్ ఖైదీచారల యుడుపుతో నిద్దఱు బాలురను మెడపట్టి లాగుచుండుటచే స్పెయినువా రాతనిఁ బిల్లలను దొంగిలించువానిఁగా నెంచిరని ప్రసిద్ధి. వారికి నేర మేదియో తెలియలేదు. మనుష్యుఁ డెవఁడో తెలిసినది. అతిశయోక్తితో వికృతముగా గీసిన యాకృతి సముద్రమునకు ఆవలిగట్టున నొక వ్యక్తిని జూపఁగలిగెను. పరిహాసము వ్యక్తినిష్ఠమగుట కింతకంటె నిదర్శనము దొరకదు.

ఇఁక నదే చేయి గీసిన నల్లజాతివారిలోఁ బోలిక చెప్పి యొకనిఁ బట్టుకొనఁదగినవారు ఎందఱు?

1868 సెప్టెంబరు 5వ తేది చిత్ర మొక్కటియే యీ ప్రశ్నకుఁ జాలినంత సమాధానము. ‘ఇది తెల్లవాని ప్రభుత్వము’ అని దాని పేరు; డెమొక్రాటికు పక్షమువారి నినాదమునే యెత్తిపొడుపుగాఁ బెట్టిన పేరది. అందు ముగ్గురు మనుష్యులు చేతులు కలిపి, నేలఁబడిన నల్లజాతి సైనికునిమీఁదఁ గాళ్లు మోపి నిలిచియున్నారు. సైనికుఁడు సంయుక్తసేన యుడుపు ధరించినవాఁడు. వోట్లపెట్టె కందుకొనఁ జేయి చాఁచుచున్నాఁడు. వెనుక నొకప్రక్క నల్లజాతి యనాథబాలుర యాశ్రమము, వేఱొకప్రక్క దక్షిణదేశపు పాఠశాల తగులఁబడుచున్నవి. చిత్రకారుని హృదయము సైనికునిపక్షమున నున్నదనుటకు సందేహము లేదు. కాని నిలిచిన మువ్వురిని జూడుఁడు. నడుమ కత్తి యెత్తినవాఁడు నేథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్ట్, తిరుగుబాటుసేనానియై 1864లో ఫోర్ట్ పిల్లో వద్ద జరిగిన నల్లసైనికుల వధవలన నపకీర్తి గన్నవాఁడు. కుడిప్రక్క డబ్బుసంచి చూపువాఁడు ఆగస్ట్ బెల్మాంట్, ధనవంతుఁడగు బ్యాంకరు. ఈ యిద్దఱికిని వారివారి మొగము లున్నవి. ఎడమప్రక్క కఱ్ఱ పట్టినవాఁడు ఐరిషు కూలివాఁడు. వానికిఁ బేరు లేదు, మొగమును లేదు. పల్లపు నొసలు, ముందుకుఁ బొడుచుకొనివచ్చిన దవడ, కోఁతిపోలిక మాత్రమున్నవి. క్రిందఁ బడిన సైనికునకును బేరు లేదు. నలుగురిలో నిద్దఱు వ్యక్తులు, ఇద్దఱు జాతులు. విభాగము న్యాయాన్యాయములఁ బట్టి జరగలేదు. ధనాధికారములు గలవారు వ్యక్తులైరి, లేనివారు జాతులైరి. అత్యాచారము చేయు నైరిషువాఁడును, దాని ననుభవించు నల్లవాఁడును నీ యొక్క విషయమున సమానులు. తాను గూడఁ బసితనమున నోడయెక్కి వచ్చినవాఁడే యైనను నాస్ట్ ఐరిషువారియెడ దయ చూపినవాఁడు కాఁడు.

సైనికుని యెడఁ జూపినది హాస్యము కాదు, కరుణము గదా యని యనవచ్చును. నిజమే. 1865 ఆగస్టు 5వ తేదీన వెలువడిన జంటచిత్రములలో నీ కరుణము పరాకాష్ఠ నందినది. మొదటిదానిలో రాబర్ట్ లీ మొదలగు తిరుగుబాటు నాయకులు దేశమాతయగు కొలంబియా ముందు మోఁకరిల్లి క్షమాపణ గోరుచున్నారు. రెండవదానిలో నామె యొక నల్లసైనికుని భుజముమీఁదఁ జేయి వైచి, ఇతనికి వోటు లేదా యని యడుగుచున్నది. వాని కొక కాలు లేదు, ఊఁతకఱ్ఱలమీఁద నిలిచియున్నాఁడు. గీఁత గంభీరమైనది, వికృతి యెచ్చటను లేదు. అయినను మోఁకరిల్లిన యపరాధుల మొగములను నాఁటి పాఠకులు గుర్తుపట్టఁగలిగిరి. నిలువఁబడిన వీరుని మొగమును గుర్తుపట్టవలసిన పని యెవ్వరికినిఁ గలుగలేదు. కరుణమును వానికి జాతిద్వారముననే లభించినది. అట్లు లభించిన దయ స్వాతంత్ర్యము లేనిది. జాతిమీఁద నభిప్రాయము మాఱిననాఁడు దానితోఁబాటు మాఱిపోవును. మాఱెను గూడ.

దానికి ముందు యొక్క యపవాదమును జెప్పవలసియున్నది. 1870 ఫిబ్రవరిలో మిసిసిపీ రాష్ట్రమునుండి హైరం రెవెల్స్ సెనేటు సభలోఁ బ్రవేశించెను. ఆ సభలోఁ గూర్చున్న నల్లజాతివారిలో నాతఁడే మొదటివాఁడు. తిరుగుబాటు ప్రభుత్వమున కధ్యక్షుఁడైన జెఫర్సన్ డేవిస్ యుద్ధమునకు ముందు ఆ రాష్ట్రమునకే సెనేటరుగా నుండెను. ఏప్రిలు 9వ తేది చిత్రమున నాస్ట్, డేవిసును షేక్స్పియరు ‘ఒథెల్లో’ నాటకములోని ఇయాగో వేషమున వాకిటఁ బొంచియుండునట్లును, రెవెల్సును సభ్యులనడుమ నాసీనునిఁగాను గీసెను. ఇచ్చట రెవెల్సునకుఁ దన మొగ మున్నది. గడ్డము, నుదురు, కూర్చున్న ఠీవి యాతనివే. కుట్రదారుని వేషము తెల్లవానికిఁ బోయినది. నాస్టునకు నల్లజాతివాని నొక వ్యక్తినిఁగాఁ గన్నులార చూచి గీయుటకు నేర్పు చాలలేదని యిఁక నెవ్వరును జెప్పరాదు. నేర్పున్నది. సెనేటు పీఠ మెక్కినవానికే యది దక్కినది.

నాలుగేండ్లు గడచినవి. దక్షిణ కరొలైనా శాసనసభలో నల్లజాతివారు సంఖ్యాధిక్యముతోఁ గూర్చుండిరి. 1874 మార్చి 14వ తేదీ పత్రిక ముఖపత్రముమీఁద నాస్ట్ ఆ సభను గీసెను. సభ్యులు పండ్లు బయటపెట్టి, పిడికిళ్లు బిగించి, యొకరిపై నొకరు కేకలు వేయుచున్నారు. పెదవులు, కన్నులు, చేతులు అన్నియు నొక్క యచ్చున పోసినట్లున్నవి. నాఁడు ఊఁతకఱ్ఱలవానిపైఁ జేయి వైచిన కొలంబియాయే బెత్తముతో నిలిచి, మీ జాతికిఁ దలవంపులు తెచ్చెదరేని వెనుకబల్లలకుఁ బొండని గద్దించుచున్నది. ఆ సంవత్సరము జనవరిలో నదే రాష్ట్రప్రతినిధి, నల్లజాతివాఁడగు రాబర్ట్ బ్రౌన్ ఎలియట్, పౌరహక్కుల బిల్లును సమర్థించుచు దేశప్రతినిధిసభలోఁ జేసిన ప్రసంగము దేశమంతటఁ బ్రసిద్ధమైనది. వ్యక్తులు లేక కాదు. రెండునెలల వెనుకటి యా ప్రసంగము నాస్ట్ గీసిన సభలోని కే మొగము నియ్యలేకపోయినది. ట్వీడ్ దోఁచినప్పుడు తప్పు ట్వీడుది. కరొలైనా సభ్యులు కలహించినప్పుడు తప్పు జాతిది. చిత్రములోని తరతమభేద మంతయు నీ యొక్క వాక్యములో నున్నది.

ఆ సంవత్సరమే అక్టోబరు 24వ తేదీన నాస్ట్ మరలఁ గరుణమునకు వచ్చెను. శ్వేతసంఘమువాఁడును, ముసుఁగు గట్టిన కూక్లక్సువాఁడును కపాలముమీఁదుగాఁ జేతులు కలుపఁగా, క్రింద మృతశిశువుతో నల్లదంపతులు గుండె పగిలి యొదిఁగియున్నారు. బానిసత్వముకంటె ఘోరమని దాని వ్రాఁత. ఏడునెలలలో వెక్కిరింపునుండి యేడుపునకు వచ్చిన యీ మార్పును గొందఱు చిత్రకారుని చపలతగాఁ జెప్పుదురు. అది సరిగాదు. రెండింటను గీఁత యొక్కటే విధముగా నడచినది. మార్చిలోనివారికిఁ బేరు లేదు, అక్టోబరులోనివారికిని లేదు. 1876 డిసెంబరు 9వ తేదీనాఁటికి మిగిలినది త్రాసు మాత్రమే. అధ్యక్షపదవి యెన్నిక వివాదమునఁ బడియున్న దినములవి. త్రాసున నొక తట్టలో దక్షిణపు నల్లవాఁడు, రెండవదానిలో నుత్తరపు నైరిషువాఁడు. ఇద్దఱిదిని అజ్ఞానపు వోటే కావున రెండును సరితూఁగినవని చిత్రార్థము. ఎనిమిదేండ్లకు ముందు ఒకఁడు కాలు మోపఁగా, వేఱొకఁడు క్రిందఁ బడియుండెను. ఇప్పుడు హంతకుఁడును హతుఁడును తూనికరాళ్లయిరి. మఱుసటి సంవత్సరము 1877లో దక్షిణరాష్ట్రములలోని ప్రభుత్వములను గాపాడుచుండిన సేన వెనుకకుఁ దీయఁబడెను.

ఇచ్చట నొక యాక్షేపము. వారపత్రిక చిత్రకారునకు విరామము లేదు; దిమ్మ చెక్కుటకు గడువు చాలదు; పాఠకునకుఁ జూచినతోడనే తెలియవలెను. కాఁబట్టి జాతిచిహ్నములను వాడుట యా వృత్తికిఁ దప్పనిసరి, అందు దురుద్దేశము లేదు అని. ఆక్షేపమునకు సమాధానము నాస్టే యిచ్చినాఁడు. 1871 అక్టోబరు 21వ తేదీ చిత్రమున ట్వీడునకు మొగమే లేదు. బొజ్జగల దేహము, వజ్రపుసూది, మెడమీఁదఁ దలకు బదులు డబ్బుసంచి, కన్ను ముక్కుల స్థానమున డాలరుగుర్తు, అంతే. గీఁతలలో నంతకంటె సంక్షేపము లేదు. ఐనను దానిని జూచి ధనవంతుఁ డెవఁడో యని యెవ్వరు ననుకొనలేదు, ట్వీడనిరి. సంక్షేపము వ్యక్తిని గూడ సాధింపఁగలదు. దానికిఁ గావలసినది తీరికకాదు, ముందుగా నా మనుష్యుని వేఱుగాఁ జూచియుండుట.

జాతిదూషణము ఉపమేయమునందే కాక యుపమానమునందును దాఁగియుండును. 1871 సెప్టెంబరు 30వ తేదీ చిత్రమునకు ‘అమెరికా గంగానది’ యని పేరు. పాఠశాలల ధనమును గాథలికు మతసంస్థలకుఁ బంచు విషయమై యప్పుడు న్యూయార్కున వివాదము జరుగుచుండెను. చిత్రమున మతాచార్యులు మొసళ్లై యొడ్డున కెక్కుచున్నారు. వారు ధరించు కిరీటములే తెఱచిన దవడలు. కొండకొమ్మునుండి టామనీవారు పసివాండ్రను క్రిందికి దింపుచుండ, నొక్క యుపాధ్యాయుఁడు బాలురను వెనుక నుంచుకొని యడ్డముగా నిలిచియున్నాఁడు. కల్పన బలమైనదే, కిరీటమును దవడగాఁ జేసిన చమత్కారమును విరోధియు మెచ్చును. కాని గంగ యేల వచ్చినది? ఉపమానము ప్రసిద్ధమై యుండవలెనని యాలంకారికుల మతము. హిందూస్త్రీలు శిశువులను గంగలో మొసళ్లకు వేయుదురని క్రైస్తవప్రచారకులు వ్రాసిన కథలు నాఁటి యమెరికాలో నింటింటఁ జదువఁబడినవి. కావుననే యుపమానము వ్యాఖ్యానము లేకయే తెలిసినది. ఐరిషువానిఁ దిట్టుటకు హిందువును గొలబద్దగాఁ దెచ్చిరి. హిందువు చిత్రములో నెచ్చటను లేఁడు. వాదములోఁ బ్రతివాదియుఁ గాఁడు. వానిమీఁది నింద మాత్రము నిర్వివాదముగా నుపమానమై కూర్చున్నది.

హిందువు స్వయముగాఁ జిత్రమున కెక్కినప్పుడు పరిస్థితి మేలుగా నున్నదా? ఇందుకు 1841లో లండనున వెలసిన ‘పంచ్’ పత్రికను జూడవలెను. ‘ఆలిస్’ కథలకు బొమ్మలు గీసిన జాన్ టెనియలే యందుఁ బ్రధాన చిత్రకారుఁడు. 1857 ఆగస్టు 22వ తేదీన నాతని సింహము, స్త్రీని శిశువును గూల్చిన వంగదేశపు పులిపై దుముకుచున్నది. అన్యోక్తి యన్నది లోకసామాన్యమే యనవచ్చును. పంచతంత్రము నిండ సింహములే. కాని పంచతంత్రపు మృగములు మాటలాడును, యుక్తులు పన్నును, కారణము చెప్పును. టెనియల్ పులికి నోరున్నది కాటునకే. సిపాయిల తిరుగుబాటునకుఁ గారణముండునేమో యను ప్రశ్న పులి చర్మము క్రింద మూసి వేయఁబడినది. పులిని గాల్చువాఁడు దాని ఫిర్యాదు వినవలసిన పనిలేదు. ఆ యేఁటనే అక్టోబరు 24వ తేదీన ‘పంచ్’ గవర్నరు జనరలగు కానింగును దయాళుత్వమునకై వెక్కిరించెను. ఆ చిత్రమున కానింగు మొగము కానింగుదే. ఆతఁడు తల నిమురుచున్న సిపాయి మాత్రము పేరులేని చిన్నబాలునంత యున్నాఁడు. రెండునెలలలోఁ బులి బాలుఁడయ్యెను. భయపడినప్పుడు మృగము, గెలిచినపిమ్మట శిశువు. మనుష్యప్రమాణమున నొక్కనాఁడును గానరాలేదు.

1876 ఏప్రిలు 15వ తేదీ చిత్రమున నాతఁ డసలే లేఁడు. విక్టోరియారాణికి భారతచక్రవర్తిని యను బిరుదు నిచ్చు ప్రస్తావముమీఁదిది. మంత్రి డిస్రేలీ, అల్లాదీను కథలోని మాయావర్తకునివలెఁ బ్రాగ్దేశపు వేషము వేసికొని, పాతకిరీటమునకుఁ గ్రొత్తకిరీట మిచ్చెదనని రాణికిఁ జూపుచున్నాఁడు. కిరీటము హిందూదేశముది, బేరము మఱి యిద్దఱిది. ఈ చిత్రము పై సిద్ధాంతమున కొక చిక్కును గూడఁ దెచ్చుచున్నది. డిస్రేలీ ప్రధానమంత్రి, మొగము వ్యక్తిదే. అయినను వేషము జాతిది. ఆతఁడు యూదుకుటుంబమునఁ బుట్టినవాఁడని మఱవనియ్యక, అధికారశిఖర మెక్కినవానికిని జాతిముద్ర నంటించు నుపాయమది. అధికారము మొగము నిచ్చును గాని పుట్టువును జాతివాదులు మఱచునట్లు చేయలేదు. రెవెల్సునకు మొగము దొరకినదని సంతసించువారు దీనిని గూడఁ దలఁపవలెను.

భరతుఁడు హాస్యమునకు వికృతమైన యాకారమును, వికృతమైన వేషమును గారణములుగాఁ జెప్పినాఁడు. స్మితము మొదలు అతిహసితము వఱకు నాఱువిధములుగా నవ్వును విభజించునపుడు నవ్వించువానినిఁ గాక నవ్వువాని ప్రకృతిని గొలఁతగాఁ దీసికొనెను. ఉత్తమునకు స్మితహసితములు, అధమునకు అపహసితాతిహసితములు. వ్యంగ్యచిత్రములకు నీ రెండు మాటలును బనికివచ్చును. ఆకారవికృతి పుట్టుకతో వచ్చినదిగాఁ జూపఁబడును. నొసలి యెముకను, దవడను దిద్దుకొనుట యెవ్వరి వశమునఁ గలదు? వేషవికృతి తాను దెచ్చికొన్నది, తాను విడువఁగలిగినది. మనలోను జాతిపరిహాసము లేకపోలేదు. శ్రీనాథునిపేరఁ బరఁగుచున్న పలనాటి చాటువులలో రాజాన్నపు రుచి మరగిన నాలుక జొన్నకూటిని గేలిచేయును. అందున్న చమత్కారమును బడిపిల్లలకుఁ జెప్పునపుడు, ఆ జొన్నకూడు పలనాటివాని తప్పా, యా నేలది తప్పా యని యడుగు బాలుఁ డుండిన వానిని గద్దింపరాదు.

పరదేశపు గీఁతకు మన దేశమున గీఁతతోనే జవాబు వచ్చినది. 1877లో లక్నోనగరమున ‘అవధ్ పంచ్’ వెలువడి, పేరునుగూడ లండను పత్రికనుండియే తీసికొనెను. గగనేంద్రనాథ ఠాకూరు 1917లో ‘విరూపవజ్రము’, ‘అద్భుతలోకము’ అను సంపుటములను శిలాముద్రణమున వెలువరించెను. 1921లో మఱియొకటి వచ్చెను. ఈయన గీసినవారును జాతులే: దొరవేషపు బాబు, దంభాచార్యుఁడగు పురోహితుఁడు. పేరుగలవారు తక్కువ. ఐనను నాస్ట్ జాతికిని వీరికిని దూర మెంతయో కలదు. గగనేంద్రుఁడు బాబును నవ్వించునది యెముకలో లేదు, కోటులోను టోపీలోను నున్నది. దంభము పురోహితుని నడతలో నున్నది. చూచువాఁడును వారిలో నొకఁడే యగుటచే గీఁత తనమీఁదికే తిరుగును. ఆ సంపుటములలోనిదే విశ్వవిద్యాలయమును యంత్రముగాఁ గల్పించిన చిత్రము. వేర్వేఱు బాలురు ఆ యంత్రముననే పడి నలుగుచున్నారు. ఆకృతి వ్యక్తిని విడిచి జాతియగుట యెట్లో యందుఁ దెలియుచున్నది. అక్కడ నా పని చేయుచున్నది చిత్రకారుఁడు కాఁడు, యంత్రము.